పాత కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ దండగేనా?

కొన్నప్పుడు రెండు లక్షల పైమాటే. ఇప్పుడు అమ్మితే అరవై వేలు వస్తే గొప్ప. అలాంటి కారుకి ఏటా బీమా కట్టాలంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. 'పాత బండే కదా, థర్డ్ పార్టీ చాల్లెండి' అన్న సలహా నలువైపుల నుంచీ వస్తుంది. అది ఎంతవరకు నిజం? ఎక్కడ మనల్ని ముంచుతుంది? కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చుంటే పావుగంటలో తేలిపోయే లెక్క ఇది.

సఖినేటిపల్లి రేవు. ఉదయం తొమ్మిదవుతోంది. వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లేందుకు పంటు కోసం వాహనాలు బారులు తీరాయి. మోటారు సైకిళ్లు, ఆటోలు, నాలుగైదు కార్లు. వాటిలో ఓ తెల్ల మారుతి 800. అది ఓ రిటైర్డ్ మాస్టారిది అనుకుందాం. 2012 మోడల్. తొలి నుంచీ ఆయనదే. ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమూ చేయలేదు. పంటు వచ్చేలోగా ఫోను మోగింది. అవతల బీమా ఏజెంటు కుర్రాడు.

''మాస్టారూ... మీ కారు ఇన్సూరెన్సు వచ్చే వారంతో అయిపోతోందండి. ఫుల్ కట్టేస్తారా? పాత బండే కదండీ, థర్డ్ పార్టీ చేయించేయమంటారా?''

''తేడా ఎంత ఉంటుందబ్బాయ్?''

''వెయ్యి పైన మిగులుతాదండి.''

''సరే, ఇంట్లో ఆలోచించుకుని చెబుతాను.''

''ఆయ్, అలాగేనండి.''

పక్క సీట్లోంచి మాస్టారి భార్య అందుకున్నారు. ''ఈ డొక్కు కారుకి ఇంకా ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకండీ? వెయ్యి రూపాయలంటే మాటలా?''

ఏం చెప్పాలో మాస్టారికి తోచలేదు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి ఈ లెక్క మాత్రం కొరుకుడు పడలేదు. ఆయనకే కాదు, పదేళ్లు దాటిన కారున్న ప్రతి ఇంట్లోనూ ఏడాదికోసారి వచ్చే సందేహమే ఇది.

మూడు పొరలు

ఏజెంటు 'ఫుల్', 'థర్డ్ పార్టీ' అంటూ రెండు మాటల్లో తేల్చేస్తాడు. నిజానికి కారు బీమాలో మూడు పొరలున్నాయి. మన కారు వల్ల దెబ్బతినే ఎదుటివాళ్లు ఒకటి. మన కారులో కూర్చున్నవాళ్లు రెండోది. కారు మూడోది.

కారు పాతబడితే తగ్గేది మూడోదాని విలువ ఒక్కటే. రోడ్డు మీద నడిచేవాడి ప్రాణం విలువ గానీ, వెనక సీట్లో కూర్చున్న మనవరాలి ప్రాణం విలువ గానీ కారు మోడల్‌ని బట్టి మారదు. అందుకే 'కారు పాతది కాబట్టి బీమా తగ్గిద్దాం' అనుకునేముందు ఏ పొర తీసేస్తున్నామో చూసుకోవాలి. చాలామంది మూడోది తీసేస్తున్నామనుకుని తెలియకుండానే రెండోదాన్నీ వదిలేసుకుంటున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎదుటివారి కోసం...

మొదటి పొరలో బేరాల్లేవు. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా కారు రోడ్డెక్కకూడదు. 2019లో చట్టాన్ని సవరించాక తొలిసారి దొరికితే రెండు వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా నాలుగు వేలు.

అయితే జరిమానా చిన్న విషయం. దాని వెనకున్న లెక్క చూడండి. ముప్పై ఏళ్ల మనిషి. నెలకు పదిహేను వేలు సంపాదిస్తున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సైకిలు మీద వెళ్తున్న అతణ్ని మన కారు గుద్దింది. ప్రాణం పోయింది. తప్పు మనదేనని తేలింది. పరిహారం ఎంత?

దీనికి సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఓ పద్ధతి ఖరారు చేసింది. సొంతంగా పని చేసుకునే నలభై ఏళ్ల లోపు వ్యక్తికి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. అంటే నెలకు 21,000. ఇంట్లో నలుగురు ఆధారపడ్డారు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తారు. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. ముప్పై ఏళ్ల వయసుకి దాన్ని 17తో హెచ్చవేస్తారు. మొత్తం 32,13,000 రూపాయలు! అంత్యక్రియల ఖర్చుల్లాంటివి దీనికి అదనం.

బీమా ఉంటే ఆ సొమ్ము కంపెనీ కడుతుంది. లేకపోతే కారు యజమాని కట్టాలి. ఇల్లో, కొబ్బరి తోటో అమ్మైనా సరే. అరవై వేల కారు గుద్దినా, అరవై లక్షల కారు గుద్దినా లెక్క ఇదే. థర్డ్ పార్టీ బీమాలో మరణానికి, గాయాలకు ఇచ్చే పరిహారానికి పరిమితి లేదు. ఎదుటివారి ఆస్తి నష్టానికైతే ఏడున్నర లక్షల వరకు.

ఇంత భారం మోసే ఈ పొర ఖరీదెంత? 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీకి 3,416. అంతకు మించితే 7,897. జీఎస్టీ అదనం. ఈ రేటు ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. కారు వయసుతోనూ సంబంధం లేదు.

ఇంకో మాట. బీమా ఉంది కదా అని లైసెన్సు లేని కుర్రాడికి తాళాలిస్తే కష్టం. కంపెనీ బాధితులకు డబ్బు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

పక్క సీట్లో వాళ్ల సంగతి?

ఇప్పుడు రెండో పొర. పల్లెటూళ్లో కారంటే ఒక్క ఇంటిది కాదు. అర్ధరాత్రి పక్కింటి అమ్మాయికి నొప్పులొస్తే రాజోలు ఆసుపత్రికి పరుగు తీసేది అదే. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి చుట్టాల్ని తీసుకెళ్లేదీ అదే. నలుగురు కూర్చోవాల్సిన దాంట్లో ఐదుగురు సర్దుకుంటారు.

ఆ కారు ఏ చెట్టునో గుద్దితే? అందులో కూర్చున్నవాళ్లకు ఎవరిస్తారు?

'థర్డ్ పార్టీ ఉందిగా' అంటారు చాలామంది. నిజానికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో, సొంత కారులో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు రక్షణ ఉండదు. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీకీ, బాలకృష్ణన్ అనే వ్యక్తికీ మధ్య నడిచిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ తేడాని స్పష్టంగా చెప్పింది. చట్టం అడిగినంత మేరకే తీసుకున్న పాలసీ అయితే కారులోని ప్రయాణికుల బాధ్యత కంపెనీది కాదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది అయితే కంపెనీదే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ కూడా 2009 నవంబరులో కంపెనీలకు రాసిన సర్క్యులర్‌లో ఇదే తేల్చింది.

అంటే ఏమిటి? వెయ్యి రూపాయలు మిగులుతుందని ఫుల్ నుంచి థర్డ్ పార్టీకి దిగితే పోయేది కారు రేకు మీద రక్షణ ఒక్కటే కాదు. వెనక సీట్లో కూర్చున్న చుట్టాల మీద రక్షణ కూడా. ప్రమాదం జరిగాక వాళ్లు కోర్టుకెళితే పరిహారం మన జేబులోంచే.

ఎలాగూ థర్డ్ పార్టీయే తీసుకుంటానంటే కనీసం 'ప్రయాణికులకు పర్సనల్ యాక్సిడెంట్ కవర్' చేర్చమని అడగండి. పేర్లు రాయకుండా, సీట్ల లెక్కన, ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండు లక్షల దాకా తీసుకునే వీలు పాత టారిఫ్ కాలం నుంచీ ఉంది. ఖర్చు వందల్లోనే ఉంటుంది. కోర్టు వేసే పరిహారానికి అది సాటి రాదు. అయినా ఏమీ లేనిదానికన్నా నయం.

మరి నడిపే యజమాని? ఆయన తన కారుకి తాను థర్డ్ పార్టీ కాడు. అందుకే 15 లక్షల రూపాయల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి చేశారు. 2018లో ఈ మొత్తాన్ని పెంచినప్పుడు ఏడాదికి ప్రీమియం 750 రూపాయలుగా పెట్టారు. తర్వాత దాన్ని విడిగా కొనుక్కునే వీలూ వచ్చింది. ఇప్పటికే అంత మొత్తానికి వేరే ప్రమాద బీమా ఉంటే మళ్లీ అక్కర్లేదు. అయితే ఇది యజమానికే. అబ్బాయి నడుపుతుంటే అతనికి వర్తించదు. కారు ఎక్కువగా అబ్బాయి చేతిలోనే ఉంటుందంటే అతని పేరూ ప్రత్యేకంగా చేర్పించాలి.

అరవై వేల కారు లెక్క

ఇక మూడో పొర... కారు. ఇందులో మొదట తెలుసుకోవాల్సిన మాట ఐడీవీ. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేందుకు ఒప్పుకున్న విలువ అది. కొత్త కారుకి దీనికో పట్టిక ఉంది. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం కోత. ఐదేళ్లు దాటాక పట్టిక లేదు! కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. అంటే పాత కారుకి ఐడీవీ దగ్గర బేరమాడే హక్కు మనకుంది. చాలామంది ఆ సంగతి తెలియక ఏజెంటు వేసిన అంకె మీద సంతకం పెట్టేస్తారు. ప్రీమియం తగ్గుతుందని విలువ మరీ తగ్గించుకుంటే రేపు వచ్చేదీ అంతే. మార్కెట్లో నిజంగా ఎంత పలుకుతుందో నలుగురిని అడిగి, ఆ అంకె దగ్గర నిలబడండి.

మాస్టారి కారు ఐడీవీ 60,000 అనుకుందాం. సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియాన్ని 'ఓన్ డ్యామేజ్' అంటారు. 2007 నుంచి ఈ రేటు కంపెనీల ఇష్టం. అంతకుముందున్న టారిఫ్ పట్టికలో హైదరాబాద్ లాంటి మహానగరాల్ని మినహాయిస్తే, పదేళ్లు దాటిన వెయ్యి సీసీ లోపు కారుకి ఐడీవీలో 3.267 శాతం. అంచనాకి అదే తీసుకుందాం. 1,960 రూపాయలు వచ్చింది. మాస్టారు ఇన్నేళ్లూ క్లెయిమ్ చేయలేదు కాబట్టి ఆయనకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. కట్టాల్సింది 980. 18 శాతం జీఎస్టీతో 1,156.

థర్డ్ పార్టీ ఒక్కటే అయితే జీఎస్టీతో 2,471. ఫుల్ అయితే 3,627. యజమాని ప్రమాద బీమా రెండింటికీ అదనం. ఏజెంటు చెప్పిన 'వెయ్యి పైన' తేడా ఇదే. నెలకు వంద రూపాయల కన్నా తక్కువ. ఆ డబ్బుకి కారు మీద అరవై వేల రక్షణ, కారులో కూర్చున్నవాళ్ల బాధ్యత రెండూ వస్తున్నాయి.

బోనస్ లేనివాళ్లకు ఇదే తేడా 2,313 అవుతుంది. అప్పుడు లెక్క కాస్త మారుతుంది. ఆ సంగతి తర్వాత.

సొట్ట పడితే క్లెయిమ్ చేయాలా?

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ప్రతి సొట్టకీ కంపెనీ దగ్గరికి వెళ్లడం పాత కారు విషయంలో పెద్ద పొరపాటు. ఎందుకంటే కారు వయసును బట్టి విడిభాగాల ఖర్చులో కోత పెడతారు. పదేళ్లు దాటితే ఇనుప భాగాలకు 50 శాతం కోత. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు ఏ వయసులోనైనా 50 శాతం. అద్దాలకు మాత్రం కోత లేదు. వీటికి తోడు పదిహేను వందల సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ తొలి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. కోతల్లేని 'బంపర్ టు బంపర్' పాలసీ పాత కార్లకు సాధారణంగా ఇవ్వరు.

మాస్టారి కారుని వెనక నుంచి ఆటో గుద్దిందనుకుందాం. డిక్కీ తలుపు 4,000. బంపరు 2,000. మెకానిక్ కూలి 2,000. రంగు సంగతి పక్కన పెడితే బిల్లు 8,000. కంపెనీ తలుపుకి 2,000, బంపరుకి 1,000, కూలికి పూర్తిగా 2,000 లెక్కేసి, వెయ్యి తీసేసి, 4,000 ఇస్తుంది. సగం వచ్చిందిగా అని సంతోషించేలోపు రెన్యువల్ వస్తుంది. 50 శాతం బోనస్ సున్నా అయిపోయింది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి యాభైకి చేరాలంటే ఐదేళ్లు. ఐడీవీ ఇలాగే ఉందనుకుంటే ఈ ఐదేళ్లలో అదనంగా కట్టేది 2,450. జీఎస్టీతో 2,891. అంటే ఆ క్లెయిమ్‌తో నిజంగా మిగిలింది 1,109 రూపాయలు. దానికోసం సర్వేయరు, ఫొటోలు, షెడ్డు చుట్టూ తిరగడం!

కాబట్టి పాత కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ సొట్టల కోసం కాదు. వరద, దొంగతనం, అగ్నిప్రమాదం, పెద్ద యాక్సిడెంటు... ఇలాంటి పెద్ద దెబ్బల కోసం. అలా అనుకున్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. 'చిన్న నష్టాలు నేనే భరిస్తాను' అని ముందే ఓ మొత్తానికి ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు.

పాత కారు విషయంలో మరో నియమమూ ఉంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్టే లెక్క. అరవై వేల కారుకి ఆ హద్దు 45,000. కొత్త కారుకి మామూలు రిపేరు అనిపించే దెబ్బ పాత కారుని పూర్తి నష్టం కిందికి తోసేస్తుంది. అప్పుడు విడిభాగాల కోతలుండవు. ఒప్పుకున్న విలువలోంచి ఆ వెయ్యి తీసి మిగతాది ఇస్తారు. పాత కారుకి బీమా నిజంగా పనికొచ్చేది అప్పుడే.

గోదావరి, గాలివాన, కొబ్బరికాయ

కోనసీమలో పెద్ద దెబ్బలకు కొదవా? 1996 నవంబరు 6 తుపాను పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. అలాంటప్పుడు ఇంటి ముందున్న కారు గతేమిటి?

ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద, తుపాను, పిడుగు, అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు, భూకంపం అన్నీ ఉంటాయి. కొబ్బరికాయ పడి అద్దం పగిలినా, గాలికి చెట్టే విరిగి పడినా వర్తిస్తుంది. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. లోతట్టు జలమార్గంలో కారుని తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా పాలసీలో రాసి ఉంటుంది. అంటే సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఉన్నంతసేపూ కారుకి రక్షణ ఉన్నట్టే. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వీటిలో ఏదీ రాదు.

అలాగని అన్నీ వస్తాయనుకోవద్దు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తలుపుల కింద పట్టే తుప్పుకి ఏ పాలసీలోనూ పైసా రాదు. అరుగుదల, తరుగుదల, ఇంజిన్ దానంతటది పాడవడం బీమా కిందికి రావు. వరదలో మునిగిన కారుని నీళ్లు పూర్తిగా తీయించకుండా స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు లాక్కుని లోపలి భాగాలు వంగిపోతాయి. అది మీ చేజేతులా జరిగిందని క్లెయిమ్ తోసిపుచ్చుతారు. ఇంజిన్‌కి విడిగా రక్షణ ఇచ్చే అదనపు కవర్ ఉన్నా పాత కార్లకు దొరకడం కష్టం. కాబట్టి కారు మునిగితే తాళం తిప్పకండి. ఫొటోలు తీయండి. కంపెనీకి ఫోను చేయండి. షెడ్డుకి లాక్కెళ్లే ఏర్పాటు చేయండి.

అన్నిటికన్నా మంచి బీమా ఇంకోటుంది. గోదావరి వరద చెప్పకుండా రాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని వార్త రాగానే కారుని ఏటిగట్టు దాటించి ఎత్తయిన చోట పెట్టుకోవచ్చు. దానికి ప్రీమియం లేదు!

మీ కారు ఏ కోవలోకి?

ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి. రేపు పొద్దున ఈ కారు కనిపించకపోతే అప్పు చేయకుండా ఇలాంటిదే ఇంకోటి కొనగలనా? జవాబుని బట్టి మూడు దారులు.

కారు మీద ఇల్లు గడుస్తోంది, పోతే మళ్లీ కొనలేను... అంటే ఐడీవీ అరవై వేలైనా ఫుల్ ఇన్సూరెన్స్ ఉంచుకోండి. నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరినవాళ్లకు, కారులో తరచూ నలుగురైదుగురు ప్రయాణించే ఇళ్లకు కూడా ఇదే మేలు. పదిహేను వందల సీసీ దాటిన పాత పెద్ద కార్లకు ఇంకా రెండు మూడు లక్షల విలువ ఉంటుంది కాబట్టి వాటికీ ఇదే దారి.

కారు పెద్దగా తిప్పను, షెడ్డులోనే ఉంటుంది... అంటే మధ్యే మార్గం ఒకటుంది. థర్డ్ పార్టీకి తోడు అగ్నిప్రమాదం, దొంగతనం వరకే రక్షణ ఇచ్చే పాలసీ. అన్ని కంపెనీలూ ఇవ్వవు, ఏజెంట్లు తమంతట చెప్పరు. అడిగి చూడండి. అయితే ఇందులో వరద రాదని గుర్తుంచుకోండి.

కారు విలువ పదిహేను ఇరవై వేలకు మించదు, బోనస్ లేదు, పోయినా బాధ లేదు... అలాంటివాళ్లు థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చు. యజమాని ప్రమాద బీమా, ప్రయాణికుల కవర్ మాత్రం తప్పకుండా చేర్చుకోవాలి. మిగిలిన డబ్బుని ఏటా పోస్టాఫీసులో వేసుకుంటే రిపేర్ల ఖర్చుకి కొంత చేతిలో ఉంటుంది.

పదిహేనేళ్లు దాటిన కార్లకు ముందు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తర్వాతే బీమా సంగతి. ఆ వయసు కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఇవ్వాలంటే చాలా కంపెనీలు ముందు కారుని చూడాలంటాయి. కొన్ని అసలే ఇవ్వవు.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే...

పాత కార్లలో చాలావరకు చేతులు మారినవే. 'ఇన్సూరెన్సు ఇంకా ఎనిమిది నెలలుంది సార్' అని అమ్మేవాళ్లు ఊరిస్తారు. ఆ మాట సగమే నిజం. యాజమాన్యం మారినా థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం కొత్త యజమానికి బదిలీ అయినట్టే. ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం అలా రాదు. కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. లేదంటే కారు కాలిపోయినా, కొట్టుకుపోయినా అమ్మినవాడికీ రాదు, మీకూ రాదు.

నో క్లెయిమ్ బోనస్ మనిషిది, కారుది కాదు. అమ్మినవాడి బోనస్ మీకు రాదు. మీరు పాత కారు అమ్మేసి ఇంకోటి కొంటే మీ బోనస్ మాత్రం మీ వెంట వస్తుంది. పాత కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుని దాచుకోండి.

సంతకం పెట్టేముందు...

• గడువు దాటనివ్వకండి. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది. మధ్యలో ఒక్క రోజు ఖాళీ ఉన్నా ఆ రోజు జరిగిన ప్రమాదానికి బాధ్యత మీదే.

• పాలసీ కాగితం మీద ఏ పొరకు ఎంత ప్రీమియమో విడివిడిగా రాసి ఉంటుంది. ప్రయాణికులకు, యజమానికి కవర్ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. మొత్తం అంకె ఒక్కటే చూసి వదిలేయకండి.

• గ్యాస్ కిట్ పెట్టించారా? ఆర్‌సీలోనూ, పాలసీలోనూ రాయించాలి. లేకపోతే అగ్నిప్రమాదం జరిగినప్పుడు పేచీ వస్తుంది.

• సొంత కారుని పెళ్లిళ్లకో, రాజమండ్రి విమానాశ్రయానికో కిరాయికి పంపుతున్నారా? ఆ ప్రయాణంలో ప్రమాదం జరిగితే సొంత కారు పాలసీ అక్కరకు రాదు.

• మరీ చవగ్గా వచ్చిందంటే అనుమానించండి. నకిలీ పాలసీలు కూడా తిరుగుతుంటాయి. ఎంపరివాహన్ యాప్‌లో మీ కారు నంబరు కొట్టి బీమా గడువు నమోదైందో లేదో చూసుకోండి.

• కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ తోసిపుచ్చిందనిపిస్తే నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 155255కి ఫోను చేయొచ్చు. హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. పైసా ఖర్చుండదు.

పంటు అవతలి ఒడ్డుకు చేరుతోంది. మాస్టారు ఇందాకటి నుంచీ పాత కరెంటు బిల్లు వెనక ఏదో రాసుకుంటున్నారు. 2,094... 980... 1,156... మనవరాలు వెనక సీట్లో కిటికీలోంచి గోదావరిని చూస్తోంది.

''ఏమైందండీ, తేలిందా?'' భార్య అడిగారు.

''తేలింది. వెయ్యీ నూటయాభై ఆరు.''

''ఈ డొక్కు కారుకా?''

మాస్టారు అద్దంలోంచి వెనక సీటు వైపు చూశారు. ''కారుకి కాదు'' అన్నారు.

ఏజెంటు నంబరు నొక్కారు.